1915కి ఫోనా, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసా?

ఫ్రీ ట్రయల్ అని చేర్చుకుని, నెల తిరిగేసరికి ఖాతాలోంచి డబ్బు లాగే యాప్‌లు మన విజయనగరం ఫోన్లలోనూ ఉన్నాయి. ‘చేరండి’ బటన్ తెరంతా ఉంటుంది. ‘రద్దు’ మాత్రం సెట్టింగ్స్‌లో అట్టడుగున, బూడిదరంగు సన్నక్షరాల్లో! ఈ సబ్‌స్క్రిప్షన్ ట్రాప్‌తో సహా 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే వాడేవాళ్లను ఏమార్చే యాప్, వెబ్‌సైట్ డిజైన్లను, కేంద్రం 2023 నవంబరు మార్గదర్శకాల్లో నిషేధించింది. మరి కంపెనీని ఎక్కడ నిలదీయాలి?

ఖర్చు: 1915, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఉచితం. కమిషన్‌లోనూ, మీరు కంపెనీకి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే, ఫీజు లేదు. జెరాక్సులు, ఆటో ఖర్చులు మామూలే.

శ్రమ: 1915కి తెలుగులోనే చెప్పుకోవచ్చు. కమిషన్‌కైతే అఫిడవిట్, రుజువులు, ఆపైన వాయిదాలు. లాయరు తప్పనిసరి కాదు. కంపెనీ బెంగళూరులో ఉన్నా బొబ్బిలి, రాజాం వాళ్లు విజయనగరంలోనే కేసు వేయొచ్చు. నా దృష్టిలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన అసలు బలం ఇదే.

పట్టు: హెల్ప్‌లైన్ కంపెనీతో మాట్లాడి బదులు రాబడుతుంది, అంతే. కమిషన్ వాపసు, పరిహారం ఇప్పించగలదు. ఆదేశం ధిక్కరిస్తే జైలుశిక్ష కూడా పడొచ్చు.

రిస్క్: హెల్ప్‌లైన్‌నే నమ్ముకుని కూర్చుంటే కేసుకున్న 2 ఏళ్ల గడువు దాటిపోవచ్చు. స్క్రీన్‌షాట్లు ఈరోజే తీసుకోండి. రేపు అప్‌డేట్ వస్తే ఆ తెరే మాయం.

రెండు, మూడు వందలు పోతే 1915 చాలు. పెద్ద మొత్తమైనా, ‘ఓకే నొక్కింది మీరే కదా’ అని కంపెనీ చేతులు దులుపుకున్నా కమిషనే దారి.