ఐస్ మెషీన్ల మరమ్మతులో డిజిటల్ మానిఫోల్డ్ గేజ్: దీర్ఘకాల వాడకం తరువాత

రెండు ప్రెషర్ సెన్సర్లు, పైపుకు తగిలించే రెండు టెంపరేచర్ క్లాంపులు ఉన్న డిజిటల్ మానిఫోల్డ్ గేజ్‌ను (శీతలీకరణ యంత్రంలోని గ్యాస్ పీడనాన్ని కొలిచే పరికరాన్ని) వాణిజ్య ఐస్ మెషీన్ల మీద కొన్నేళ్లుగా వాడుతున్నాను. ముల్లు గేజుల కంటే ఇది కచ్చితమైనదనడంలో సందేహం లేదు. అయితే ఈ మెషీన్ల విషయంలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఆ కచ్చితత్వం కాదు, రీడింగులను నిమిషనిమిషానికీ గ్రాఫుగా నమోదు చేసే సదుపాయం.

కోల్డ్ రూమ్‌లో సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి తిరిగి వచ్చే గ్యాస్ పీడనం) ఇంచుమించు నిలకడగా ఉంటుంది. ఐస్ మెషీన్‌లో మాత్రం ఫ్రీజ్ (మంచు కట్టే దశ) మొదట్లో ఎక్కువగా ఉండి, ఎవాపరేటర్ (మంచు కట్టే చల్లని భాగం) మీద మంచు మందమయ్యే కొద్దీ దిగుతూ పోతుంది. హార్వెస్ట్‌లో (కట్టిన మంచును రాల్చే దశలో) ఎవాపరేటర్‌లోకి వేడి గ్యాస్ పంపే హాట్ గ్యాస్ వాల్వ్ తెరుచుకోగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆర్-404ఎ అనే శీతలీకరణ గ్యాసులో 30 పీఎస్ఐ (పీడనపు కొలత) సక్షన్ అంటే ఆ గ్యాస్ మరిగే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్. చాలా మోడళ్లలో ఫ్రీజ్ చివర్లో ఈ రీడింగ్ సహజమే కానీ, అదే మొదటి నిమిషాల్లో కనిపిస్తే అనుమానించాలి. కాబట్టి ఏ దశలో తీసుకున్నదో తెలియని రీడింగ్ ఎంత కచ్చితమైనదైనా దానితో లోపాన్ని నిర్ణయించలేము.

ఎవాపరేటర్ అవుట్‌లెట్ వైపు మంచు పలచగా, ఇన్‌లెట్ వైపు మందంగా కడుతూ సక్షన్ తక్కువగా ఉన్నప్పుడు, గ్యాస్ తగ్గిందా, ఎవాపరేటర్‌లోకి ద్రవరూప గ్యాసును కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సరిగా తెరుచుకోవడం లేదా అన్న ప్రశ్న వస్తుంది. రెండింటిలోనూ సూపర్‌హీట్ (మరిగే ఉష్ణోగ్రత కంటే గ్యాస్ ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందో ఆ తేడా) పెరుగుతుంది. గ్యాస్ తగ్గితే సబ్‌కూలింగ్ (ద్రవంగా మారాక అది ఎన్ని డిగ్రీలు ఇంకా చల్లబడిందో ఆ తేడా) కూడా పడిపోతుంది, వాల్వ్ లోపమైతే సాధారణంగా పడిపోదు. రెండు విలువలనూ ఒకే తెర మీద చూపడం వల్ల ఈ తేడా త్వరగా తేలుతుంది.

దీనికంటే చిక్కైనది సక్షన్ దిగవలసినంత దిగకపోవడం. బలహీనపడిన కంప్రెసర్, లోపల లీకవుతున్న హాట్ గ్యాస్ వాల్వ్, ఫ్రీజ్ సమయంలో ఆగకుండా కారుతున్న నీటి ఇన్‌లెట్ వాల్వ్, ఈ మూడూ దాదాపు ఒకేలాంటి గ్రాఫును చూపుతాయి. నీటి సంగతి గేజ్ వల్ల తెలియదు, కళ్లతో చూసి ముందే తేల్చుకోవాలి. మిగిలిన రెండింటినీ వేరు చేసేది క్లాంపులే. ఫ్రీజ్ మొదలైన అయిదు నిమిషాలకు ఒకటి డిశ్చార్జి పైపు (కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ బయటికి వచ్చే పైపు) మీద, మరొకటి హాట్ గ్యాస్ వాల్వ్ ఇన్‌లెట్ పైపు మీద పెట్టి చూస్తే, వాల్వ్ బాగున్నప్పుడు ఇన్‌లెట్ పైపు చల్లబడి డిశ్చార్జి కంటే స్పష్టమైన తేడాతో కనిపిస్తుంది. ఇన్‌లెట్ పైపు వేడి డిశ్చార్జి వేడికి దగ్గరగా ఉంటే వాల్వ్ లీకవుతున్నట్టే. ఈ పరీక్ష చేయకుండా కంప్రెసర్ మార్చమని చెప్పడం యజమానికి అన్యాయం చేయడమే.

లోపాలు కూడా ఉన్నాయి. తడి ఎక్కువగా ఉండే చోట క్లాంపులు తప్పు చూపడం మొదలుపెడతాయి, పైన ఇన్సులేషన్ చుట్టకపోతే చుట్టూ ఉన్న గాలి వేడి కూడా రీడింగులో కలుస్తుంది. వాటిని మంచు ముక్కలు కలిపిన నీటిలో ముంచి సున్నా చూపుతున్నాయో లేదో తరచుగా సరిచూసుకోవాలి. గ్యాస్ పేరు తప్పుగా ఎంచుకుంటే పరికరం ఏ హెచ్చరికా లేకుండా తప్పు సూపర్‌హీట్ చూపుతుంది కాబట్టి, మెషీన్ నేమ్‌ప్లేట్ చదవకుండా గేజ్‌ను ఆన్ చేయకూడదు. ఆర్-290 (ప్రొపేన్) మెషీన్లలో మొత్తం గ్యాసే చాలాసార్లు 150 గ్రాములకు మించదు; గేజ్ హోసుల్లోకి పోయే కొద్దిపాటి గ్యాస్ కూడా అక్కడ పనితీరును మార్చేస్తుంది. పైగా అది మండే గ్యాస్. అందుచేత అక్కడ కండెన్సర్ శుభ్రత, నీరు, పైపుల ఉష్ణోగ్రతలు అన్నీ చూసిన తరువాతే, తప్పనిసరైతేనే హోసు తగిలించాలి.

కొనదలచినవారు చూడవలసిన మొదటి విషయం గ్రాఫు నమోదు సదుపాయం, కనీసం రెండు పూర్తి ఫ్రీజ్–హార్వెస్ట్ చక్రాలను నిలువ చేయగల మెమొరీ. అవి లేని డిజిటల్ గేజ్ కంటే మామూలు గేజులు, రెండు మంచి పైపు థర్మామీటర్లు, ఒక గడియారం ఈ పనికి మేలు.