షుగర్ ముప్పు తెలియాలంటే ఏది మేలు: బ్లడ్ గ్రూపా, నడుం కొలతా?

మా బావగారిది ఓ పాజిటివ్, నాది బి పాజిటివ్. మొన్న సీతమ్మధారలో అక్కావాళ్లింట్లో భోజనాల దగ్గర ఆ మాటే వచ్చింది. "బి గ్రూపోళ్లకి షుగర్ తొందరగా వస్తాదట, నువ్వు జాగ్రత్తమ్మా. నాకేటి భయం, నాది ఓ గ్రూపు" అంటూ మళ్లీ అన్నం వడ్డించుకున్నారు. ఆ ధీమా చూశాక ఆయన గురించే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఆయన చెప్పింది గాలిమాటేం కాదు. ఫ్రాన్స్‌లో 82,104 మంది ఆడవాళ్ల ఆరోగ్యాన్ని 1990 నుంచి 2008 దాకా గమనించారు. 'ఓ' గ్రూపుతో పోలిస్తే టైప్ 2 షుగర్ ముప్పు 'ఏ' గ్రూపులో 10 శాతం, 'బి' గ్రూపులో 21 శాతం ఎక్కువని తేలింది. ఓ నెగటివ్‌తో పోలిస్తే బి పాజిటివ్‌కి 35 శాతం ఎక్కువ. గ్రూపును నిర్ణయించే జన్యువుకీ, రక్తంలో వాపును సూచించే కొన్ని పదార్థాలకీ సంబంధం ఉంది కాబట్టి కారణం అక్కడ ఉండొచ్చని పరిశోధకుల ఊహ.

21 శాతం అనగానే గుండె గుభేలుమంటుంది. కానీ నూరుమంది బి గ్రూపు వాళ్లలో 21 మందికి షుగర్ వస్తుందని దానర్థం కాదు. ఓ గ్రూపులో నూటికి నలుగురికి వచ్చే చోట బి గ్రూపులో ఇంచుమించు ఐదుగురికి వస్తుందన్నమాట. ఆ నలుగురూ ఓ గ్రూపు వాళ్లే కదా! పైగా అది ఫ్రాన్స్ ఆడవాళ్ల లెక్క. విశాఖలో కుర్చీలో కూర్చుని పనిచేసే యాభై ఏళ్ల మగమనిషికి దాన్ని ఉన్నదున్నట్టు అతికించలేం.

ఇక టేపు సంగతి. చెన్నైలో షుగర్ వైద్య నిపుణుడు డాక్టర్ మోహన్ బృందం మన భారతీయుల కోసమే 2005లో ఒక స్కోరు తయారుచేసింది. వయసు, నడుం చుట్టుకొలత, వ్యాయామం, అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందా, ఈ నాలుగే చూస్తారు. మొత్తం నూరు. 60 దాటినా, 60 దగ్గర ఆగినా ముప్పు ఎక్కువే. బ్లడ్ గ్రూపు ఊసే ఉండదు.

అక్క కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసింది. బావగారు పొట్ట లోపలికి లాక్కున్నారు. "ఊపిరి వదలండి బావగారూ" అన్నాను. వదిలితే 102 సెంటీమీటర్లు. మగవాళ్లకి 100 చేరితే 20 పాయింట్లు. వయసు 52, దానికి 30. ఆఫీసు, కారు తప్ప నడక లేదు, ఇంకో 30. వాళ్లమ్మగారికి షుగర్, 10. మొత్తం 90. నాకు 41 ఏళ్లు, 20. నడుం 78, సున్నా. రోజూ నడుస్తాను కానీ ఒళ్లొంచి చేసే ఉద్యోగం కాదు, 20. నాన్నకి షుగర్, 10. మొత్తం 50. నాకూ ముప్పు లేకపోలేదు, మధ్యస్థం. కానీ బి గ్రూపు మనిషికి 50, ఓ గ్రూపు మనిషికి 90!

అందుకే నా ఓటు టేపుకే. గ్రూపు పుట్టుకతో వచ్చింది, మార్చుకోలేం. నడుం తగ్గించుకోవచ్చు, నడక మొదలుపెట్టొచ్చు. అయితే టేపు ముప్పునే చెబుతుంది, షుగర్ ఉందో లేదో చెప్పదు. దానికి రక్తపరీక్షే దిక్కు. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉంటే ప్రీ డయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ; ఇంకోసారి చేయించినా 126 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ వ్యాధి.

మర్నాడే బావగారికి పరీక్ష చేయించాం. 118. ఆ రాత్రి అక్క అన్నం సగానికి తగ్గించి, చిక్కుడుకాయ కూర ఎక్కువ వడ్డించింది. ఈ ఆదివారం పొద్దున్నే ఆయన నాతో బీచ్ రోడ్డుకి వచ్చారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ దాకా నడిచేసరికి చొక్కా తడిసిపోయింది. కాసేపు గట్టు మీద కూర్చుని, "రేపెన్నింటికి?" అని అడిగారు.