కణుపులు చెక్కిన విల్లు: నాలుగేళ్ల తరువాత

నా గోడ మీద నాలుగు విల్లులు వేలాడుతున్నా, ఆదివారం తెల్లవారుజామున చెయ్యి దీని మీదికే పోతుంది. 2021 దసరా సాయంత్రం, జమ్మి ఆకు చేతిలో పెట్టి ‘బంగారం’ అని పలికాక, విల్లులు చేసే మా పెద్దాయన ఒక పాత పంచెలో చుట్టిన ఈ విల్లును నాకు అందించారు. తొమ్మిది నెలలు నీడన ఆరబెట్టిన వెదురు, మూడు నెలల చెక్కుడు. డబ్బు తీసుకోలేదు. ‘ఏడాది వాడి ఎలా ఉందో చెప్పు బాబూ’ అన్నారు. ఏడాది తరువాత నేను చెప్పిన మాటలకూ, నాలుగేళ్ల తరువాత ఇప్పుడు చెప్పబోయే మాటలకూ తేడా ఉంది.

పొడవులూ వెడల్పులూ వివరించను. సాధనపు వెదురులో బోలు తక్కువ ఉన్న మొదలు భాగం నుంచి చీల్చిన ఒకే బద్ద, అతుకు లేదు, నిలబెడితే నా నుదుటిని తాకుతుంది. ఈ సరదా ఉన్నవారికి అంత చెబితే చాలు. నేను చెప్పవలసింది దీని కణుపుల గురించి.

విల్లు నిడివిలో ఐదు కణుపులున్నాయి. ఉన్నాయని కంటికి తెలుస్తుంది గానీ వేలికి తెలియదు. బయటి ముఖం మీద, అంటే బాణం పోయే వైపు, ఒక వింటి కొప్పు (నారి తగిలించే కొస) నుంచి రెండో కొప్పు దాకా బొటనవేలు జార్చితే ఎక్కడా తగలదు. ఉబ్బులన్నీ చదును చేసి, గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించారు. బాలానగర్‌లో లేత్ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన చెయ్యి అది. వెంట్రుకవాసి ఎత్తును కూడా ఒప్పుకోదు. మొదటి రోజు నేను ఆ నునుపుకే మురిసిపోయాను. ఇంటికి వచ్చాక దీపం ముందు పెట్టి ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

మేము పదిమందిమి. నెలకోసారి చేవెళ్ల దాటాక ఒక మామిడితోటలో కలుస్తాం. గోనెసంచుల్లో పాతబట్టలు కుక్కి, వరిగడ్డి కట్టల ముందు నిలబెట్టి, పొద్దెక్కేదాకా బాణాలు వేస్తాం. ఎవరైనా కొత్త విల్లు చేసి తెస్తే అది చేతులు మారుతుంది. ముందు నారి విప్పిన విల్లును కంటికి ఆనించి వంకర చూస్తాం. తరువాత ఒకరు పూర్తిగా లాగి పట్టుకుంటే ఇంకొకరు పక్క నుంచి ఫోటో తీస్తారు. ఫోను తెర మీద ఆ ఫోటోపై ఒక వృత్తం గీసి, పై సగమూ కింది సగమూ ఒకే తీరున వంగాయా, ఎక్కడైనా కీలు పడ్డట్టు మడత ఉందా అని వెతుకుతాం. చివరికి బొటనవేలి పరీక్ష. నున్నగా ఉంటే మెచ్చుకుంటాం, పనిముట్టు గీతలు కనిపిస్తే ‘ఇంకొంచెం రుద్దవలసింది’ అంటాం. ఆ నవంబరులో ఈ విల్లు మూడింటిలోనూ గెలిచింది. వంపు నెలవంకలా ఉంది. అందరికన్నా గట్టిగా పొగిడింది నేనే.

వంపు గురించి ఈనాటికీ నా మాట మారలేదు. లోపలి ముఖాన్ని నిప్పుల మీద కాచి గట్టిపరిచారు కాబట్టి నొక్కుడుకు తట్టుకుంది, అక్కడ అడ్డంగా ముడుతలు పడలేదు. బాణం వదిలాక ఎడమచేతికి అదురు రాదు. నారి చప్పుడు కూడా మెత్తగా, దూరాన ఎవరో బట్ట ఒక్కసారి విదిలించినట్టు ఉంటుంది. వందకు పైగా బాణాలు వేసిన రోజు కూడా మోచేయి నొప్పి పెట్టలేదు. నాకున్న మిగతా మూడింటిలో ఒక్కటీ ఈ సుఖం ఇవ్వదు.

ఇక 2023 మే నెల మూడో ఆదివారం. పొద్దున ఎనిమిది కాకముందే గాలి వేడెక్కింది. నలభయ్యో బాణమో, యాభయ్యో. నారి చెంప దాకా వచ్చి, చూపు నిలిచే లోపల ‘టిక్కు’మంది. ఎండిన చింతపిక్క పళ్ల మధ్య చిట్లినట్టు, చిన్న చప్పుడు. పక్కనున్న మిత్రుడికి వినబడనే లేదు. నాకు మాత్రం మెడ వెనుక చల్లబడింది. బాణం వదలలేదు. లాగినదాన్ని అంగుళం అంగుళంగా వెనక్కి దించి, నారి విప్పి, విల్లును గడ్డి మీద పడుకోబెట్టాను.

కంటికి ఏమీ కనబడలేదు. నూనె మెరుపు, నునుపు అంతే ఉన్నాయి. అప్పుడు దూది ఉండ తీసి బయటి ముఖం మీద మెల్లగా జార్చాను. కింది కొప్పు నుంచి పిడి దాకా సాఫీగా వచ్చింది. పిడి దాటి, పైకి జానెడు దూరంలో, మూడో కణుపు మీద దూది పోగు ఒకటి చిక్కుకుని నిలబడిపోయింది. మరొకసారి జార్చాను, అక్కడే చిక్కింది. విల్లును వెలుతురుకు అడ్డంగా తిప్పితే, చీపురు పుల్లంత సన్నని ఈనె ఒకటి లేచి, దాని కింద గోరు దూరేంత నీడ కనబడింది. రెండు అంగుళాల పొడవు. ఇంకో పది బాణాలు వేసి ఉంటే ఆ ఈనె బద్ద పొడవునా ఊడివచ్చేది. విల్లు నా ముఖానికి జానెడు దూరంలో విరిగేది.

వెదురు బలమంతా బయటి పొరలో ఉంటుంది. నారలు అక్కడ దట్టంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలుచబడతాయి. విల్లును లాగినప్పుడు సాగేది ఆ బయటి ముఖమే. కణుపు దగ్గర నారలు తిన్నగా పోవు, ఉబ్బుతోపాటు లేచి మళ్లీ దిగుతాయి. ఉబ్బును చదును చేశామంటే లేచిన నారలను అడ్డంగా కోసినట్టే. కోసిన కొసలకు పట్టు ఉండదు. లాగిన ప్రతిసారీ అవి కొంచెం కొంచెం లేస్తాయి. ఐరోపాలో యూ అనే చెట్టు కర్రతో విల్లులు చేసేవారు బయటివైపు కొమ్మ బొడిపె వస్తే, దాని చుట్టూ కర్రను గుట్టలా వదిలేసేది కూడా ఇందుకే. ఇది మాలో ఎవరికీ తెలియని విషయం కాదు. అయినా ఆ నవంబరు ఉదయం బొటనవేళ్లు జార్చిన పదిమందిలో ఒక్కరం కూడా ‘ఉబ్బులు ఏవి?’ అని అడగలేదు.

నా కడుపులో మంటకు కారణం ఇదే. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన పాతకాలపు మనిషి శవం పక్కన 1.82 మీటర్ల యూ విల్లు ఉంది. అయిదువేల ఏళ్ల నాటిది, ఇంకా పూర్తి కానిది. దాని ఒంటినిండా చెక్కిన గాట్లు. ఆ ఫోటోలు మా అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, ఆ గాట్లను చూసి పరవశించిపోతాం. మన తోటివాడు చేసి తెచ్చిన విల్లు మీద అలాంటి గాటు ఒకటి కనబడితే మాత్రం పని తక్కువైందంటాం.

మరుసటి వారం విల్లు తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఏమీ చెప్పకుండా చేతికిచ్చాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, గోటితో ఆ ఈనెను తాకి, చాలాసేపు మాట్లాడలేదు.

‘పై పొర నేనే కోశాను బాబూ’ అన్నారు చివరికి.

‘మీకు తెలియకనా బాబాయ్ గారూ?’

‘తెలుసు. మొదట చేసిన రెండింటికీ ఉబ్బులు ఉంచాను. తోటలో అందరూ చేత్తో తడిమి మొరటుగా ఉన్నాయన్నారు. నువ్వూ అన్నావు.’

అన్నాను. నాకు గుర్తుంది. ఆ రెండింటిలో ఒకటి ఇప్పుడు మా మిత్రుడి దగ్గర ఉంది. నా దానికన్నా రెండేళ్లు పాతది, కణుపులు వేళ్ల ముళ్లలా పొడుచుకుని ఉంటాయి, దాని మీద ఈనాటిదాకా ఒక్క నార లేవలేదు.

బాగుచేత ఆ రోజే జరిగింది. చిటికెలో పట్టే పలుచని జిగురును ఈనె కిందికి బొట్టు బొట్టుగా దించి, మైనం కాగితం వేసి బిగించి, పొద్దుగూకేదాకా వదిలేశాం. తరువాత ఆయన భార్య పోచంపల్లి నుంచి తెచ్చి దాచుకున్న ఎర్రని పట్టుపోగు ఇచ్చారు. రెండు అంగుళాల చీలికకు అటూ ఇటూ కలిపి మూడున్నర అంగుళాల చుట్టు. ఒక పోగు మీద ఒకటి ఎక్కకుండా, సందు లేకుండా ఆయన చుడుతుంటే నేను విల్లు తిప్పాను. పైన మళ్లీ జిగురు. మిగతా నాలుగు కణుపులకు కూడా ముందు జాగ్రత్తగా చుట్టమన్నాను. ‘పిడికి అటూ ఇటూ ఉన్న రెండింటికి చాలు, కొప్పుల దగ్గర అనవసరపు బరువు పెంచితే బాణం మందగిస్తుంది’ అన్నారు. అలాగే చేశాం. అప్పటి నుంచి రెండేళ్లు దాటింది. దూది మళ్లీ ఎక్కడా చిక్కలేదు. నాకు ఊహించని సంతోషం ఇచ్చింది ఇదే. దెబ్బతిన్న వెదురు ఇంత నమ్మకంగా నిలబడుతుందని నేను అనుకోలేదు.

ఒక సంగతి దాచకూడదు. ఆ మే నెలలో, చప్పుడు వినిపించడానికి పది రోజుల ముందు, వరంగల్‌లో పెళ్లికి వెళ్లి విల్లును కారు డిక్కీలో ఒక పూటంతా ఎండలో వదిలేశాను. వెదురు అతిగా ఎండితే పెళుసెక్కుతుంది. తేమ తొమ్మిది, పది శాతం ఉండవలసిన బద్ద ఆ పూట ఎంతకు దిగిందో చెప్పలేను. కాబట్టి నేరమంతా కణుపుల చదునుదే అనడానికి నాకు హక్కు లేదు. ఎండ పెళుసు చేసింది, పెళుసైనది కోసిన చోట లేచింది. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా బహుశా బతికేది.

మొదటి ఏడాది చివర నేను తోటలో అన్న మరొక మాటను కూడా ఇప్పుడు సరిచేసుకోవాలి. ‘వానాకాలం దీన్ని ఏమీ చేయలేదు’ అన్నాను. సూట్‌కేసులు తూచే వేలాడే తూకం తగిలించి, నారిని 26 అంగుళాల దాకా లాగడానికి ఎంత బలం కావాలో నేను రాసి పెట్టుకున్న అంకెలు వేరే కథ చెబుతాయి. కొత్తలో 18 కిలోలు. 2022 ఆగస్టులో, కూకట్‌పల్లిలో మా ఇంటి గోడ మీద తేమ 80 శాతం దాటి ఉన్న రోజుల్లో, 16.5. డిసెంబరుకు మళ్లీ 17.5. పోయిన బలం తిరిగి వచ్చిందని సంతోషించి, రాని అర కిలోను పట్టించుకోలేదు. ఈ ఏడాది 16 దగ్గర నిలిచింది. నారి విప్పాక కొప్పులు పిడికన్నా ఒకటిన్నర అంగుళం నా వైపే వంగి ఉంటున్నాయి. ఒంటి బద్ద వెదురుకు ఇది పెద్ద లోపమేమీ కాదు, కానీ ‘ఏమీ చేయలేదు’ అన్న మాటకు దూరం. ఇప్పుడు వానలు మొదలైతే తేనెమైనం కలిపిన నూనె పట్టించి, పడకగది లోపలి గోడకు మారుస్తున్నాను. వాన పడే రోజు తోటకు వేరే విల్లు తీసుకుపోతున్నాను.

ఇలాంటిది చేయించుకోవాలా అని అడిగేవారికి నా పరిస్థితి చెబుతాను, మీరే బేరీజు వేసుకోండి. నేను పొట్టివాణ్ణి, నా లాగుడు 26 అంగుళాలకు మించదు. వారానికి ఒక పూట వాడతాను. దూరం ఇరవై అయిదు గజాలు. ఇంత వాడకానికి 16 కిలోలు సరిపోతాయి, ఈ విల్లును మించింది నాకు దొరకదు. చేతులు పొడవున్నవారు, రోజూ వేసేవారు, 28 అంగుళాలు లాగేవారు అయితే నా విల్లును అరువు అడగవద్దు, దయచేసి. మొన్న ఆరడుగుల కుర్రవాడు ఒకడు ఆశగా అడిగితే మొదటిసారి కాదన్నాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు, నాకూ బాధగానే ఉంది.

కొత్తగా చేయించుకునేవారు ఒక్కటి మాత్రం అడిగి తెలుసుకోండి: బయటి ముఖం మీద కణుపులను ఎంత తీశారు? పైన మైనపు మెరుపు పోయేంత గీకితే పరవాలేదు. చదును చేశారంటే మొదటి రోజే పట్టుపోగు చుట్టించండి. మా పెద్దాయన ఈ చైత్రంలో చేసిన కొత్త విల్లుకు ఐదు కణుపులూ ఎత్తుగానే వదిలారు. తోటలో చేతులు మారుతుండగా ఒకాయన బొటనవేలు జార్చి, రెండో కణుపు దగ్గర ఆగి, ‘ఇక్కడ కొంచెం...’ అని మొదలుపెట్టారు. నా విల్లును ఆయన చేతికిచ్చి ఎర్రదారం తడమమన్నాను. తడిమారు. మాట పూర్తి చేయలేదు.

ఆ దారం ఇప్పుడు రంగు వెలిసి ఇటుక పొడిలా ఉంది, పై అంచున రెండు పోగులు వదులయ్యాయి. దసరా లోపల విప్పి కొత్తది చుట్టాలి. పట్టుపోగు ఇంకా సగం కండె మిగిలే ఉందని ఆయన భార్య కబురు పంపారు.