షిలోహులో కొంకి, యెరూషలేములో కన్నం: ఏది నయం?

"దాచుకుని తప్పు చేసేవాడికి కనీసం సిగ్గుంది. బరితెగించినవాడికంటే నయమే కదా?" సంఘ పెద్దల తప్పుల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఇలా అంటారు. బైబిల్లో రెండు రకాలవాళ్లూ ఉన్నారు కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ముందు షిలోహు, ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం ఉన్న ఊరు. అక్కడ యాజకుడైన (అంటే బలులు అర్పించే పూజారి) ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు. బలిమాంసం ఉడుకుతుండగానే వాళ్ల పనివాడు మూడు ముళ్ల కొంకి తెచ్చి కుండలో గుచ్చేవాడు. ఎంత పైకొస్తే అంతా యాజకుడిదే. దేవుడికి చెందాల్సిన కొవ్వు దహించకముందే పచ్చిమాంసం ఇమ్మనేవాడు కూడా. "ముందు కొవ్వు కాలనీయండి, తర్వాత కావలసినంత తీసుకోండి" అని బలి తెచ్చినవాడు అంటే, "ఇప్పుడే ఇవ్వు, లేకపోతే లాక్కుంటా" అనేవాడు. గుడారం వాకిట సేవచేసే స్త్రీలతో ఆ అన్నదమ్ముల నడత కూడా అందరి నోళ్లలో నానింది. ఏలీ విన్నాడు, మందలించి ఊరుకున్నాడు. చివరికి జనానికి యెహోవా నైవేద్యమంటేనే అసహ్యం పుట్టింది. చిన్న నష్టమేమీ కాదు.

అయినా ఆ బలి తెచ్చినవాణ్ని మళ్లీ చూడండి. తప్పేదో అతనికి తెలుసు. నోరు తెరిచి అడిగాడు కూడా. ధర్మశాస్త్రం యాజకుల ఇంటివాళ్లకంటే అతనికే బాగా గుర్తుంది.

ఇక యెరూషలేము. బబులోను చెరలో ఉన్న ప్రవక్త యెహెజ్కేలుకు దర్శనంలో దేవాలయపు గోడలో ఒక కన్నం కనిపిస్తుంది. తవ్వితే ద్వారం. లోపల గోడల నిండా పాకే ప్రాణుల బొమ్మలు, హేయమైన మృగాల బొమ్మలు. వాటి ముందు 70 మంది ఇశ్రాయేలు పెద్దలు, ఒక్కొక్కరి చేతిలో ధూపార్తి. "యెహోవా మనల్ని చూడటం లేదు, దేశాన్ని విడిచిపెట్టేశాడు" అన్నది వాళ్ల ధీమా. దీన్ని సిగ్గు అందామా? సిగ్గుంటే దేవుడి ముందు ఉండాలి. వీళ్లు దాక్కున్నది మనుషుల కంటికి. పైగా ఆ బలి తెచ్చినవాడిలా అడ్డుపడటానికి ఇక్కడ ఎవరికీ వీల్లేదు. గోడ అవతల ఏముందో తెలిస్తే కదా!

అందుకే 'దాచుకున్నవాడే నయం' అన్న మాటకు నా ఓటు కాదు. రెండూ చెడ్డవే, కానీ దాచిందే ఎక్కువ ప్రమాదం. యేసు పరిసయ్యుల (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటిస్తామనే యూదుల వర్గం) వేషధారణను పులిసిన పిండి అన్నాడు. ముద్దలో కలిశాక దాన్ని వేరుచేసి చూపించడం ఎవరి తరం? ('వేషధారి' అన్న మాట మనవాళ్లు భలే పట్టుకున్నారు. ఆ గ్రీకు మాటకు కూడా నాటకంలో వేషం కట్టేవాడనే అర్థం ఉంది.)

అలాగని దాచినవాళ్లందరినీ ఒకే గాట కట్టలేం. అంతియొకయ పట్నంలో యేసు శిష్యుడు పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే భయపడి మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. అతన్ని చూసి మిగతా యూదులు, ఆఖరికి పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా అదే దారి పట్టారు. అపొస్తలుడైన పౌలు దీన్ని వేషధారణ అనే అన్నాడు. తర్వాత చూద్దామనలేదు, చాటుగా చెప్పలేదు, అందరి ఎదుటే నిలదీశాడు. ఏలీ చేయలేకపోయిన పని అది. పేతురు దాన్ని మనసులో పెట్టుకున్నట్టు లేదు: పేతురు రెండో పత్రిక (ఉత్తరం) చివర్లో ఆ పౌలు ప్రస్తావన వస్తుంది, "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని.