లెగోనా, ప్లేమొబిలా? సముద్రపు దొంగల ఓడల్లో ఏది మేలు?

సముద్రపు దొంగల ఓడ కావాలని పిల్లలు అడిగితే వెతుకులాట చివరికి రెండు పేర్ల దగ్గర ఆగుతుంది. రెండూ బొమ్మల కంపెనీలే: ఒకటి డెన్మార్క్ లెగో, రెండోది జర్మనీ ప్లేమొబిల్. రెండిటిలోనూ కెప్టెన్, ఫిరంగి, నల్లజెండా ఉంటాయి. కానీ ఆడే ఆట మాత్రం వేరు.

లెగో ఓడతో సగం ఆట కట్టడంలోనే ఉంది. 2020లో వచ్చిన 31109 నంబరు సెట్టునే తీసుకోండి. 1264 ముక్కలు. వాటితో ఓడ కట్టొచ్చు, విప్పేసి సత్రం కట్టొచ్చు, అదీ విప్పి పుర్రె దీవి కట్టొచ్చు. మిక్సీ ఎలా తిరుగుతుందో చూడాలని మూత విప్పే రకం పిల్లలకి ఇది పండగ. లెగో మనుషులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1989 దాకా వాళ్లందరిదీ ఒకటే మొహం: రెండు చుక్కల కళ్లు, ఒక చిరునవ్వు. ఆ ఏడాది దొంగలొచ్చాకే గడ్డాలు, కంటికి నల్ల పట్టీ, కొక్కెం చెయ్యి, కట్టెకాలు వచ్చాయి. నాలుగు సెంటీమీటర్ల బొమ్మలో అంత మనిషితనం!

ప్లేమొబిల్ దొంగలు అంతకంటే పాతవాళ్లు, 1978 నుంచే ఉన్నారు. బొమ్మ ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు, చిన్నపిల్లల గుప్పిట్లో చక్కగా ఇముడుతుంది. కాళ్లు విడివిడిగా కదలవు, రెండూ కలిసే వంగుతాయి. ఓడని బిగించడానికి ఎక్కువసేపు పట్టదు, కథ వెంటనే మొదలవుతుంది. అన్నిటికంటే పెద్ద తేడా నీళ్లు. ప్లాస్టిక్ ఇటుకల్లాంటి ముక్కలతో కట్టిన లెగో ఓడకి సందుల్లోంచి నీళ్లు పోతాయి, అది నేలమీద ఆడుకునేదే. ప్లేమొబిల్ దొంగల ఓడల్లో చాలావాటికి అడుగుభాగం బోలుగా ఉంటుంది కాబట్టి నీళ్లలో తేలతాయి. విడిగా దొరికే చిన్న మోటారు బిగిస్తే వాటంతటవే నడుస్తాయి కూడా.

ఏడేళ్లలోపు పిల్లలకైతే నా ఓటు ప్లేమొబిల్‌కే. ఎనిమిది, తొమ్మిది దాటి, గంటలకొద్దీ కూర్చునే ఓపిక ఉంటే లెగో. మూడేళ్లలోపు వాళ్లున్న ఇంట్లో మాత్రం రెండూ అందకుండా పెట్టాలి. చిన్న ముక్కలు నోట్లో పెట్టేసుకుంటారు.

మా వాడికి అయిదేళ్లు. బట్టలు నానబెట్టే టబ్బే వాడి సముద్రం. చేత్తో అలలు లేపి, ఓడ ఒరిగితే కెప్టెన్‌ని పట్టుకుంటాడు. నీళ్లు పారబోసే ముందు ఇద్దరం కూర్చుని కత్తులు లెక్కపెట్టుకుంటాం.