కృష్ణుడి వేషానికి ఎవరు మేలు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో పౌరాణికాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పెద్దవారు ఎన్.టి. రామారావు పేరు చెబుతారు. 1988 నుంచి 1990 వరకు ఆదివారం ఉదయాల్లో దూరదర్శన్ ‘మహాభారత్’ చూసి, బడిలో ఒడియా, హిందీ చదువుకొని పెరిగినవారు నితీశ్ భరద్వాజ్ అంటారు. పద్యనాటకాల రుచి మరిగినవారికి మాత్రం విజయనగరం సీమకు చెందిన రంగస్థల నటుడు పీసపాటి నరసింహమూర్తి తరువాతే ఎవరైనా.

ఒక పాత్రను మళ్లీ మళ్లీ వేయడం వల్లనే నటుడి ముఖం దానికి స్థిరపడుతుందని చాలామంది అంటారు గాని, అది సగం నిజమే. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లోనూ, 1965 నాటి ‘పాండవ వనవాసం’లోనూ కృష్ణుడు కాంతారావు; ఆ రెండింటిలో రామారావు అర్జునుడు, భీముడు. కాంతారావు ఆ వేషాన్ని హుందాగానే పోషించినా, కృష్ణుడనగానే ప్రేక్షకుడికి తట్టేది రామారావు రూపమే.

నా దృష్టిలో తేల్చవలసిన అంశం వేరు. కృష్ణుడు చాలా కథల్లో నాయకుడు కాడు. జరగబోయేదంతా తెలిసి, తెలియనట్టు పక్కన నిలబడేవాడు. కనుక ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపూ నటుడి ముఖం ఏమి చేస్తున్నదన్నదే అసలు పరీక్ష. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎవరికి ప్రియమైనదాన్ని వారికి చూపే ప్రియదర్శిని పేటికలో బలరాముడికి దుర్యోధనుడు కనిపించి, కృష్ణుడికి శకుని కనిపించే ఘట్టాన్ని గుర్తుచేసుకోండి. అక్కడ రామారావు ముఖంలో కదిలేది ఒక చిన్న నవ్వే అయినా, కథంతా ఎటు పోతుందో ఆయనకు తెలుసునన్న నమ్మకం మనకు కలుగుతుంది. ఆ సినిమా తెలుపు నలుపుల్లో ఉండడం కూడా మేలే చేసింది; నీలమేఘశ్యాముడికి నీలిరంగు పూయవలసిన ఇబ్బంది తప్పింది.

నితీశ్ భరద్వాజ్ చిరునవ్వులో చనువు ఎక్కువ. బుల్లితెర సమీప దృశ్యాలకు, వారం వారం ఇంటికి వచ్చే చుట్టంలాంటి పరిచయానికి అది చక్కగా సరిపోయింది. గీతోపదేశాన్ని అరుపులు లేకుండా చెప్పిన తీరూ మెచ్చదగినదే. అయితే ధారావాహిక ఆయన చేత చాలా మాట్లాడించింది, చాలా వివరింపజేసింది. చెప్పకుండా తెలిసినట్టుండే కృష్ణుడు అందులో అరుదుగానే కనిపిస్తాడు. (రామారావు, నితీశ్ ఇద్దరూ తరువాత రాజకీయాల్లోకి వెళ్లడం, 1983లో ఒకరు ముఖ్యమంత్రి, 1996లో మరొకరు లోక్‌సభ సభ్యుడు కావడం, ఆ కిరీటం మహిమేనేమో!) ఇక మన ఒడియా పొరుగువారికి ఈ తగవు వింతగా తోస్తుంది, వారికి కృష్ణుడి ముఖమంటే ముందుగా జగన్నాథుడి గుండ్రని కళ్లే.

‘కురుక్షేత్రం’లో శోభన్‌బాబు కృష్ణుడు అందంగా ఉన్నాడు, అంతకుమించి చెప్పడానికి లేదు. ఆ సినిమా వచ్చిన 1977 సంక్రాంతికే విడుదలైన ‘దానవీరశూరకర్ణ’లో రామారావు కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ తానే అయినా, అందులో జనానికి మిగిలింది దుర్యోధనుడే.

కాబట్టి తెలుగు చదవడం రాని పిల్లలకు ఒక్క కృష్ణుడినే చూపాలంటే నేను ‘మాయాబజార్’నే ముందు పెడతాను. కానీ పద్యనాటకంలో అర్జునుడూ దుర్యోధనుడూ సాయం కోరి వచ్చే పడకసీను, కృష్ణుడు సంధికి వెళ్లే రాయబారం ఘట్టాలకు వచ్చేసరికి నా తీర్పు మారుతుంది. అక్కడ కృష్ణుడు మౌనసాక్షి కాడు, మాటతోనే రాజకీయం నడిపేవాడు; తిరుపతి వేంకట కవుల పద్యం ఒక్కొక్కటీ ఒక ఎత్తుగడ, ఒక హెచ్చరిక. ఆ పద్యాన్ని శ్రోత ఎదుటే, తన ఊపిరితో, మరో టేకుకు అవకాశం లేకుండా నిలబెట్టే పని రంగస్థల నటుడిది. ఆ రెండు ఘట్టాల వరకు నా ఓటు పీసపాటి వారికే.