వీల్ క్యాప్ ఉంచాలా, తీసేయాలా, వాల్వ్ మార్చాలా? ఘాట్ ఎక్కే బండికి ఏది మేలు?

టైర్ బాగానే ఉంది, మేకు గుచ్చుకున్న జాడ లేదు, అయినా గాలి నిలవదు. పంక్చర్ షాపులో చక్రం విప్పి నీళ్ల తొట్టిలో ముంచితే ఒక్క బుడగ కూడా రాదు. తిరుపతిలో యాత్రికుల బళ్లు నడిపేవాళ్లకి, ట్రావెలర్ బండిలో పడక, వంటగట్టు పెట్టించుకుని క్యారవాన్‌గా మార్చుకున్నవాళ్లకి ఈ టెన్షన్ కొత్తేం కాదు. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది వీల్ క్యాప్, అంటే అందం కోసం చక్రం మీద బిగించే మూత. అది కాస్త పక్కకి జరిగితే చాలు, దాని అంచు గాలి కొట్టే వాల్వ్‌ని ఒత్తుతుంది. రబ్బరు వాల్వ్ అయితే మొదట్లో, అంటే డిస్క్‌లోంచి (టైర్ ఎక్కించే లోహపు చక్రంలోంచి) బయటికి వచ్చే చోట, సన్నగా పగులుతుంది. క్యాప్ ఉన్నంతసేపు వాల్వ్ వంగే ఉంటుంది కాబట్టి పగులు తెరుచుకుని గాలి పోతుంది. షాపులో క్యాప్ పీకగానే వాల్వ్ నిటారుగా నిలబడుతుంది, పగులు మూసుకుంటుంది. ఇక తొట్టిలో బుడగ ఎలా వస్తుంది?

దీనికి జనం చేసేవి మూడు. క్యాప్‌లు పూర్తిగా తీసేస్తారు. లేదంటే క్యాప్ ఉంచి, అది తిరగకుండా కట్టడి చేస్తారు. అదీ కాకపోతే రబ్బరు వాల్వ్ తీయించి మెటల్ వాల్వ్ వేయిస్తారు. నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. వెనక జోడు టైర్లున్న బండికి క్యాప్ వద్దే వద్దు. సింగిల్ టైర్ల బండికి క్యాప్ కావాలనుకుంటే మాత్రం ముందు మెటల్ వాల్వ్ వేయించండి, ఆ తర్వాతే క్యాప్ మాట.

అసలు క్యాప్ ఎందుకు తిరుగుతుందో తెలిస్తే ఈ మూడింటిలో ఏది ఎంతవరకు పనిచేస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు ప్లాస్టిక్ క్యాప్‌ని పట్టి ఉంచేది వెనకున్న ఒక తీగ రింగు, కొన్ని క్లిప్పులు, అంతే. నట్టు లేదు, బోల్టు లేదు. బ్రేక్ వేసినప్పుడు చక్రం నెమ్మదిస్తుంది, క్యాప్ మాత్రం అదే వేగంతో ముందుకు తిరగబోతుంది. ఒక్కో బ్రేక్‌కి అది జరిగేది కంటికి కనిపించనంత. కానీ తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు చూడండి. 1944లో తెరిచిన ఆ రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ప్రతి మలుపుకీ బ్రేకే. పైగా నిండా జనంతో ఉన్న బండి మలుపు తిరిగేటప్పుడు బరువంతా ఒక పక్కకి పడి డిస్క్ కొద్దిగా వంగుతుంది, బ్రేకుల వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. క్లిప్పుల పట్టు సడలడానికి ఇంతకంటే ఏం కావాలి? భాకరాపేట ఘాట్‌లోనైనా, పలమనేరు వైపు మొగిలి ఘాట్‌లోనైనా ఇదే కథ. అలా జరిగి జరిగి క్యాప్ చివరికి వాల్వ్‌కి తగిలి ఆగుతుంది. అప్పటినుంచి ప్రతి బ్రేక్ దెబ్బా వాల్వ్ మీదే.

ఇందులో భయపడాల్సిన సంగతి ఏమిటంటే, గాలి ఒక్కసారిగా పోదు. కొంచెం కొంచెంగా తగ్గుతుంది. తక్కువ గాలితో నడిచే టైర్ పక్కగోడలు ఎక్కువగా వంగుతాయి, వంగిన కొద్దీ వేడెక్కుతాయి. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం పూట అలాంటి టైర్ పేలిపోతే ఎవరైనా ఎండ వల్లే అనుకుంటారు. పేలిన టైర్‌ని చూసి వాల్వ్‌ని అనుమానించేవాళ్లు తక్కువ.

క్యాప్ తీసేస్తే?

ఇది పైసా ఖర్చు లేని పని. వాల్వ్‌ని తాకేది ఏమీ ఉండదు, గాలి కొట్టే పిల్లాడు గేజి పెట్టడానికి క్యాప్‌ని లాగి పీకక్కర్లేదు. అన్నిటికంటే నాకు నచ్చేది, వీల్ నట్లు ఎప్పుడూ కళ్లముందే ఉండటం. నట్టు వదులైతే దాని చుట్టూ డిస్క్ మీద సన్నని తుప్పు చార కనిపిస్తుంది. పొద్దున బండి తీసేముందు ఒక రౌండ్ కొడితే దొరికిపోయే ఈ చారని క్యాప్ నెలల తరబడి దాచేస్తుంది.

"అన్నా, క్యాప్ లేకపోతే బండి పాతబండిలా కనిపిస్తుంది, పార్టీ ఎక్కేముందే మొహం చిట్లిస్తుంది" అని డ్రైవర్లు అంటారు. అది నిజమే. తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులకి బండి పెట్టేవాళ్లకి చూపు కూడా వ్యాపారమే, దాన్ని నేను కొట్టిపారేయను. దానికి మందు డిస్కులకి సిల్వర్ పెయింట్ కొట్టించడం, మధ్యలో హబ్ వరకు మాత్రమే వచ్చే చిన్న మూత పెట్టించడం. ఆ మూత వాల్వ్ దరిదాపులకి కూడా రాదు.

క్యాప్ ఉంచి కట్టడి చేస్తే?

చాలామంది చేసేది ఇదే, సగం చేసి వదిలేసేదీ ఇదే. రోడ్డు పక్కన దొరికే 'యూనివర్సల్' క్యాప్ కొంటారు, సైజు 15 అయితే 15 అని చూస్తారు, అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టి వెళ్లిపోతారు. క్యాప్ వెనక్కి తిప్పి చూడండి. తీగ రింగులో ఒకచోట లోపలికి వంపు ఉంటుంది. ఆ వంపు ఉన్నది వాల్వ్ కోసమే. ఆ వంపు, క్యాప్‌కున్న గాడి, వాల్వ్ మూడూ ఒకే చోటికి రావాలి. బిగించడం వాల్వ్ వైపు నుంచే మొదలుపెట్టాలి, ఎదురు వైపు చివరగా నొక్కాలి. తలకిందులుగా చేస్తే తీగ నేరుగా వాల్వ్ మీద కూర్చుంటుంది.

బిగించాక వాల్వ్ చుట్టూ ఖాళీ ఉందో లేదో చూడాలి. ఏ పక్కనా అంచు తాకకూడదు. గాడి ఇరుకైతే ఆకురాయితో అరగదీసి వెడల్పు చేయొచ్చు, అంచు పదునుగా ఉంటే నున్నగా చేసి రబ్బరు బీడింగ్ తొడగొచ్చు. తర్వాత క్యాప్ సందుల్లోంచి డిస్క్ బెజ్జాల్లోకి నల్ల ప్లాస్టిక్ ట్యాగులు ఎదురెదురుగా వేసి లాగి కడితే క్యాప్ చక్రంతో కలిసే తిరుగుతుంది. ఇది మంచి ఉపాయం, నేను ఒప్పుకుంటాను. కాకపోతే ఎండకి, బ్రేకుల వేడికి ట్యాగులు పెళుసుబారతాయి. అప్పుడప్పుడు మార్చకపోతే అవి తెగిన రోజే మళ్లీ కథ మొదటికొస్తుంది.

వాల్వ్‌కీ క్యాప్‌కీ మధ్య సందులో ఇరికించే రబ్బరు బుష్షులు కూడా కొందరు వాడతారు. పొడుగాటి మెటల్ వాల్వ్ అదరకుండా పట్టి ఉంచడానికి అవి పనికొస్తాయి. రబ్బరు వాల్వ్‌కి మాత్రం వద్దు. క్యాప్ తిరిగితే బుష్ కూడా తిరిగి, ఆ తోపునంతా మెత్తగా వాల్వ్‌కే అందిస్తుంది. గీత పడదు, వంగడం మాత్రం ఆగదు.

ఇక స్టీల్ క్యాప్‌ల విషయానికొస్తే, మెరుపు కోసం పెద్ద బళ్లకి వేసే క్లిప్ రకం స్టీల్ క్యాప్‌లు ప్లాస్టిక్ కంటే బరువు, అంచు కూడా గట్టి. అవి ఇత్తడి వాల్వ్‌ని కూడా వదలవు, మరలు అరిగిపోయేదాకా రాస్తాయి. స్టీలే కావాలంటే వీల్ నట్లకే బిగించే రకం తీసుకోండి, అది తిరిగే ప్రశ్నే లేదు. అయితే రేకుని తెచ్చి నట్టుకీ డిస్క్‌కీ మధ్య దూర్చే పని మాత్రం చేయొద్దు, నట్టు పట్టు పోతుంది. ఉన్న నట్ల మీద వేరే నట్టుతో నిలిచేదే సరైనది.

వాల్వ్ మార్పిస్తే?

మనవైపు కార్లలో ఎక్కువగా కనిపించే ట్యూబ్‌లెస్ రబ్బరు వాల్వ్ టీఆర్ 413 రకం. డిస్క్‌లో 11.3 మిల్లీమీటర్ల బెజ్జంలోకి లాగి కూర్చోబెడతారు. అది ఓర్చే గాలి ఒత్తిడికి హద్దు 65 పీఎస్ఐ. కారుకి అది ఎక్కువే. కానీ ట్రావెలర్‌లో పడకలు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, సామాన్లు వేసి క్యారవాన్ చేశాక కంపెనీ చెప్పిన గాలి ఎంతో తలుపు దగ్గరి స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో చూడండి. ఆ అంకె 65కి దగ్గరగా ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, వీల్ క్యాప్ ఉన్నా లేకపోయినా ఆ వాల్వ్ ఆ బండికి సరిపడదు. 80 పీఎస్ఐ దాకా ఓర్చే గట్టి రబ్బరు వాల్వ్‌లూ ఉన్నాయి. అంతకంటే మేలు లోపల వాషర్, బయట నట్టుతో బిగించే మెటల్ వాల్వ్.

మెటల్ వాల్వ్ వంగదు. మొదలు దగ్గర పగలదు. వాల్వ్ కొనకి తిప్పి పెట్టే టైర్ ప్రెషర్ సెన్సార్లు వాడేవాళ్లకైతే ఇది తప్పనిసరి అనే అంటాను. సెన్సార్ బరువు చిన్నదే, కానీ చక్రం జోరుగా తిరిగేటప్పుడు ఆ చిన్న బరువే రబ్బరు మెడని బయటికి లాగి వంచుతూ ఉంటుంది. గాలి తగ్గితే చెప్పాల్సిన సెన్సారే గాలి పోవడానికి దారి చేస్తుంది.

ఖర్చు వాల్వ్‌ది కాదు, కూలిది. టైర్‌ని డిస్క్ నుంచి విడదీయాలి, మళ్లీ ఎక్కించి బ్యాలెన్సింగ్ చేయాలి. అందుకే కొత్త టైర్లు వేసే రోజే ఈ పని పెట్టుకోండి. అల్యూమినియం వాల్వ్ అయితే లోపల గాలిని ఆపే పిన్ను నికెల్ పూత ఉన్నదే వేయమనండి. మామూలు ఇత్తడి పిన్ను వేస్తే తేమకి రెండు లోహాలూ కలిసి పట్టేసి, పిన్ను విప్పబోతే వాల్వ్ విరుగుతుంది.

జోడు టైర్ల సంగతి వేరు

వెనక నాలుగు టైర్లున్న బళ్లలో ఒక టైర్‌లో గాలి పోయినా బండి ఒరగదు. పక్క టైర్ ఆ బరువు కూడా మోస్తూ పోతుంది, బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు. లోపలి టైర్‌కి గాలి పట్టడం కష్టమని దాని వాల్వ్‌కి వంగే గొట్టం తగిలించి, దాని కొనని క్యాప్‌కి క్లిప్ చేస్తారు. గాలి కారడానికి అదనంగా రెండు అతుకులు పెట్టినట్టే. క్యాప్ జరిగితే గొట్టం లాగుతుంది, అతుకు వదులవుతుంది. ఇక్కడ రాజీ పడకండి. క్యాప్ తీసేసి, లోపలి టైర్‌కి బయటిదాకా వచ్చే పొడుగు మెటల్ వాల్వ్ వేయించండి.

సింగిల్ టైర్ల బండికి క్యాప్ ఉంచాలనుకుంటే ఒక పరీక్ష. క్యాప్ బిగించాక దాని అంచు మీదా, డిస్క్ మీదా ఒకే గీతగా వచ్చేలా తెల్ల పెయింట్ పెట్టండి. కొండకి ఒకసారి పోయి రండి. అలిపిరి దిగాక చూస్తే గీత రెండు ముక్కలైందంటే ఆ క్యాప్ మీ చక్రానికి పనికిరాదు, ఎంత ఖరీదుదైనా సరే. గీత అలాగే ఉంటే ఉంచుకోండి. గాలి పట్టించే ప్రతిసారీ మాత్రం క్యాప్ తీసి, వాల్వ్ మొదట్లో నల్లటి రబ్బరు పొడి రాలిందేమో చూడండి. వాల్వ్‌ని వేలితో నాలుగు పక్కలకీ వంచి సబ్బు నీళ్లు పోయండి. అలా వంచినప్పుడు ఏ పక్కనైనా బుడగ వస్తే క్యాప్ పక్కన పడేసి, ఆ రోజే వాల్వ్ మార్పించండి.